యువాన్ చ్వాంగుని యేకాకియాత్ర

ఏకశబ్దముమీఁద సహాయము లేనివాఁడను నర్థమునఁ బాణిని యొక ప్రత్యేకప్రత్యయమును విధించెను. దాని పేరు ఆకినిచ్చు. దానివలన నేర్పడినదే ‘ఏకాకి’ శబ్దము. ఒకటి యను సంఖ్యకును దీనికిని గల భేదమును శిష్యులకుఁ జెప్పునపుడు నేనొక యుదాహరణము నిచ్చుచుందును. ఇంటి యరుఁగుమీఁద నొక్కఁడే కూర్చున్నవాఁడు ఏకుఁడు. అడవిలోఁ దోడు తప్పినవాఁడు ఏకాకి. బాటసారిని దెలుపు శబ్దములందును సూత్రకారుఁ డిట్టి సూక్ష్మభేదములే చూపినాఁడు. త్రోవను బోవువాఁడు పథికుఁడు. నిత్యము పోవువాఁడు పాంథుఁడు. త్రోవకుఁ జాలినవాఁడు, అనఁగా నలంగామి యైనవాఁడు, అధ్వన్యుఁడు లేక యధ్వనీనుఁడు. అమరసింహుఁడు వీనినన్నింటిని బర్యాయములుగా నొక్కచోటఁ జేర్చినాఁడు. కోశకారునకు అది చాలును. వైయాకరణుఁ డంతటితో నూరకుండఁజాలఁడు. పథికుఁ డగుటకు గడప దాఁటిన సరిపోవును. అధ్వనీనుఁ డగుట కేమి కావలయును? తనకా చాలిమి కలదని వాఁ డెప్పుడు తెలిసికొనును? బయలుదేఱుటకు ముందా, మార్గమధ్యముననా? వ్యాకరణమున దీనికి సమాధానము లేదు. చరిత్రలో వెదకవలసి యున్నది.

మన దేశమున నొంటిప్రయాణము మెచ్చఁబడినది కాదు. విదురుఁడు ధృతరాష్ట్రునకు నీతి చెప్పుచు, ఒంటిగా రుచిగల పదార్థమును దినరాదనియు, ఒంటిగా దారి నడువరాదనియు నొక్కచోటనే నిషేధించెను. నిత్యము ఏకాకియై తిరుగుమని మనువు విధించినది సన్న్యాసికి, గృహస్థునకుఁ గాదు. వర్తకులు సార్థములుగాఁ గూడి సార్థవాహుని వెంటఁ బోయెడివారు. కాశికిఁ బోయినవాఁడును గాటికిఁ బోయినవాఁడును నొక్కటే యని మన పల్లెలలో సామెత. ఏనుఁగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని జెన్నపట్టణమును విడిచి, కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరలి వచ్చిరి. వారు సుప్రీముకోర్టున ద్విభాషిగా నుండినవారు. బోయలు, వంటవారు, బంధువులు మున్నగు పరివారముతోఁ బయనించిరి. మజిలీమజిలీకి నచ్చట సామానులు దొరకునా, నీరు మంచిదా, దిగుటకుఁ జోటు గలదా యని వారు వ్రాసికొన్న విషయములు చరిత్రకారునకు నిధివంటివి. కాని యది పదిమందిని బోషింపవలసిన యజమానుని విచారము. ఒంటి బాటసారి విచారము కాదు. అందువలన నా ప్రశ్నకుఁ దగిన యుదాహరణమును బరదేశమునుండి తేవలసి వచ్చినది. ఐనను నాతఁ డొకప్పుడు మన యాంధ్రదేశమునకు వచ్చినవాఁడే కనుక బొత్తుగాఁ బరాయివాఁడు కాఁడు.

యువాన్ చ్వాంగును హ్యూన్‌త్సాంగనియు, శ్వాన్‌జాంగనియు వ్రాయువారు గలరు. చీనాలిపిలోని పేరును మన యక్షరములలోనికిఁ దెచ్చుటయందలి యిబ్బందియే గాని మనుష్యుఁ డొకఁడే. ఆతని యాత్రకు మనకు ముఖ్యమైన యాధారములు రెండు. మొదటిది 646వ సంవత్సరమున ముగిసిన పశ్చిమదేశవృత్తాంతము. పండ్రెండు భాగముల గ్రంథము. ఆతఁడు చెప్పఁగా శిష్యుఁడు బియెన్‌జీ కూర్చినది. మన పాఠ్యపుస్తకములలో హర్షునిగూర్చియు నాలందనుగూర్చియుఁ గనఁబడు వాక్యము లధికముగా నీ గ్రంథమునుండియే వచ్చినవి. రెండవది యాతని జీవితచరిత్రము. హుయీలి యను శిష్యుఁ డైదు భాగములు వ్రాసి, లోపములున్నవేమో యని శంకించి, భూగృహమున దాఁచెను. తరువాత యెన్‌త్సుంగను వేఱొక భిక్షువు దానిని బెంచి పది భాగములుగాఁ జేసి 688వ సంవత్సరమునఁ బూర్తి చేసెను. స్తానిస్లాస్ జూలియెను 1853లో దీనిని ఫ్రెంచిభాషలోనికిఁ దెచ్చెను. పిమ్మట శామ్యూల్ బీలు ఇంగ్లీషులోనికి మార్చెను.

ఇందొక విశేషము గలదు. మొదటి గ్రంథము అగ్నిదేశముతోఁ బ్రారంభమగును. చీనాసరిహద్దు దాఁటుట, ఎడారిలో దారి తప్పుట, నీరులేక పడిపోవుట, ఇవి యేవియు నందు లేవు. యాత్రికుఁడు స్వయముగాఁ జెప్పి వ్రాయించిన గ్రంథము తన యేకాకిత్వమునుగూర్చి మౌనము వహించినది. చక్రవర్తి కర్పించు గ్రంథమున, చక్రవర్తి యాజ్ఞను దాఁటి వచ్చిన విధమును విస్తరింపకుండుట సహజమే. మన కా కథ శిష్యుల నోటనే వినవలసి యున్నది. శిష్యులు గురువునుగూర్చి చెప్పునపుడు స్వప్నములు, శకునములు, ఆకాశవాణులు చేరుట యెల్లదేశములందును గలదు. వానిని వేఱు చేయుచుఁ జదువవలయును.

అప్పటికి తాంగువంశము రాజ్యమునకు వచ్చి పదేండ్లు దాఁటినది. సరిహద్దులింకను గుదుటఁబడలేదు, ప్రజలు పడమటి దేశములకుఁ బోరాదని శాసనము గలదు. యువాన్ చ్వాంగు చాంగాన్ నగరమున గురువులకడఁ జదివి, ఒక గురువు చెప్పినది మఱియొకరు చెప్పినదానితో సరిపడకపోవుటయు, అనువాదగ్రంథములు పరస్పరవిరుద్ధముగా నుండుటయుఁ జూచి, మూలములను సంపాదించి సందేహములు తీర్చుకొనఁదలఁచెను. కొందఱితోఁ గూడి యనుజ్ఞకై విన్నపము చేసెను. అనుజ్ఞ రాలేదు. తక్కినవారు మానుకొనిరి. ఈతఁ డొక్కఁడు మిగిలెను.

ఇచ్చట జీవితచరిత్రకారుఁడు చెప్పిన యొక మాట స్వప్నశకునములకంటె విలువైనది. తాను ఒంటిగాఁ బోవలసి యున్నదనియు, దారి కఠినమైనదనియు వినియున్నవాఁడు గావున, మనుష్యులు పడు కష్టములను బలువిధముల దనపైఁ దెచ్చుకొని, తన మనస్సును దానే పరీక్షించుకొని, వెనుదీయకుండ నోర్వఁగలనని తెలిసికొన్న పిమ్మటనే బయలుదేఱెనఁట. ఆ కష్టములు ఇవి యని వివరింపలేదు. పిమ్మట నొక కల: సముద్రమధ్యమున రత్నమయమైన సుమేరువు, ఓడ లేదు, తెప్ప లేదు, భయపడక నీటిలో నడుగిడఁగా నడుగున కొక్కొక శిలాపద్మము పైకి లేచెను, వెనుదిరిగి చూడఁగా దాఁటివచ్చిన పద్మములు లేవు. కల నిజముగాఁ గనినదో, శిష్యులు కల్పించినదో మనకేల? ఒంటిప్రయాణమును గూర్చి యెఱిఁగినవాఁడే చెప్పఁదగిన కల యది. అడుగు వేసినఁగాని పద్మము లేదు.

బయలుదేఱిన కాలమునుగూర్చి యొక చిక్కు. జీవితచరిత్రమునఁ గథ చెప్పుచోట 629వ సంవత్సరము ఎనిమిదవ మాసమనియు, అప్పటి కాతనికి 26 ఏండ్లనియు నున్నది. అదే గ్రంథమున నాతఁడు చక్రవర్తికి వ్రాసిన లేఖలో నాల్గవ మాసమని యున్నది. 627వ సంవత్సరమే సరియని వాదించు పండితులును గలరు. నేను గ్రంథమునందలి సంవత్సరము ననుసరించుచున్నాను గాని దానికై కలహింపను.

ఆతఁడు మొదటినుండి యేకాకి కాఁడని గుర్తింపవలయును. స్వస్థలమునకు మరలుచున్న యొక భిక్షువుతో నొక పట్టణము వఱకు, అచ్చట లాన్‌చౌకుఁ బోవువాఁ డొకఁడు దొరకఁగా వానితో లాన్‌చౌకు, అచ్చటినుండి సర్కారుగుఱ్ఱములను జేర్చి మరలుచున్న లియాంగ్‌చౌవారితో లియాంగ్‌చౌకు, ఇట్లు తోడునుండి తోడునకు మాఱుచుఁ బోయెను. నది దాఁటువాఁడు రాతినుండి రాతికి నడుగిడినట్లున్నది. లియాంగ్‌చౌలో నధికారి యాతనిని మరలిపొమ్మని యాజ్ఞాపించెను. అచ్చటి యొక వృద్ధాచార్యుఁడు జాలిపడి యిరువురు శిష్యులను రహస్యముగాఁ దోడిచ్చెను. అప్పటినుండి పగలు దాఁగుచు రాత్రులు నడచుచు గ్వాచౌ చేరిరి. అచ్చట విన్న దారివర్ణన యిది: ఉత్తరమున 50 లీల దూరమున వడిగల నది, దానిపై యు-మెన్ ద్వారము, ద్వారమునకు వాయవ్యమున నైదు కావలిబురుజులు, ఒకదాని కొకటి నూఱేసి లీల దూరమున, బురుజులకడఁ దప్ప నడుమ నీరు లేదు, గడ్డి లేదు, వానికవతల మోహోయెన్ ఎడారి, దాని కవతలియంచున ఈవూ రాజ్యము. నేఁటి హామీ యన్నమాట. లీ యనఁగా సుమారుగా మూఁడవ వంతు మైలు.

వినిన పిదప నెల దాఁటువఱకు నాతఁడు కదలలేదు. గుఱ్ఱము చచ్చినది. దిగులుతో నోరు మెదపక యుండెనని చరిత్రకారుఁడు వ్రాసినాఁడు. అంతలో లియాంగ్‌చౌనుండి యాతనిని బట్టుకొనుమని తాఖీదు వచ్చినది. లీ చాంగను నధికారి భక్తుఁడు. తాఖీదును దెచ్చి చూపి, మీరే యా భిక్షువులా యని యడిగి, నిజము తెలిసికొని, యెదుటనే చించివైచి, త్వరగాఁ బొండనెను. తోడువచ్చిన శిష్యులలో నొకఁడు తున్‌హువాంగునకుఁ బోయెను. రెండవవాఁడు దూరప్రయాణమునకుఁ జాలఁడని తానే వెనుకకుఁ బంపెను. చూడుఁడు: చాలనివాఁడు. పాణిని యర్థమే!

అటుపిమ్మట షి పాన్‌తువో యను పడమటిజాతివాఁ డొకఁడు వచ్చి యుపాసకదీక్ష గైకొని, ఐదు బురుజులు దాఁటించెదనని మాట యిచ్చెను. వాఁడు వెంటఁ దెచ్చిన ముసలివాఁడు బక్కచిక్కిన యొక యెఱ్ఱని ముసలిగుఱ్ఱము నెక్కి వచ్చినాఁడు. ఆ గుఱ్ఱము ఈవూకుఁ బదియేనుమాఱులు పోయివచ్చిన దనియు, భిక్షువు కొన్న గుఱ్ఱము చిన్నది, త్రోవ నెఱుఁగదనియు ముసలివాఁడు చెప్పెను. ఇసుకయేఱులలో వేఁడిగాలులకు గుంపులుగాఁ బోవువారే దారి తప్పుదురు, మీరొక్కరెట్లు పోయెదరని వారించెను. భిక్షువు మరలనని చెప్పఁగా గుఱ్ఱములను మార్చుకొనిరి.

రాత్రి నది చేరిరి. షి పాన్‌తువో చెట్లు నఱికి వంతెన వైచి, గడ్డి పఱచి, యిసుక పోసి, గుఱ్ఱములను దాఁటించెను. ఇరువురును నేఁబదియడుగుల యెడమునఁ బండుకొనిరి. కొంత ప్రొద్దునకు వాఁడు లేచి, కత్తి దూసి, మెల్లగా దగ్గఱకు వచ్చి, పదియడుగుల దూరమున నాగి, మరలిపోయెను. భిక్షువు లేచి కూర్చుండి జపము చేసికొనెను. తెల్లవాఱిన పిదప వాఁడు తన భయమును దాఁచలేదు: నీరు బురుజులకడనే యున్నది, రాత్రి దొంగిలింపవలయును, ఒక్కచోటఁ బట్టువడితిమా చావు తప్పదు, మరలిపోవుదము. కొంతదూరము నడచి, నాకు సంసారము గలదు, రాజశాసనమును దాఁటఁజాల ననెను. మీరు పట్టువడి నా పేరు చెప్పుదురేమో యనునదియే వాని యసలు దిగులు. నన్ను ముక్కముక్కలుగాఁ గోసినను నీ పేరు చెప్పనని భిక్షువు ప్రమాణము చేసి, వాని కొక గుఱ్ఱమునిచ్చి పంపివేసెను. వీనిని ద్రోహి యని కొందఱు వ్రాయుదురు. నా కట్లు తోఁపదు. వంతెన కట్టినవాఁడు వాఁడే. ఆలుబిడ్డలు గలవాఁ డంతవఱకు వచ్చుటయే యెక్కువ.

అప్పటి కాతఁ డేకాకి యయ్యెను. దారి లేదు; ఎముకల కుప్పలును గుఱ్ఱపులద్దియు నానవాలు. ఒకచోట నిసుకనిండ వందలకొలఁది సైనికులు, ఒంటెలు, జెండాలు కనఁబడి, దగ్గఱకుఁ బోఁగా మాయమయ్యెను. మొదట దొంగలనుకొనెను, తరువాత భూతములనుకొనెను. ఎండమావులని నేఁడు మన మెఱుఁగుదుము. ఎనుబది లీలు నడచి మొదటి బురుజు చేరి, ఇసుకగుంటలోఁ బ్రొద్దు గ్రుంకువఱకు దాఁగి, రాత్రి నీటికడకుఁ బోయి, త్రాగి, చేతులు కడిగికొని, తిత్తి నింపుచుండఁగా నొక బాణము వచ్చి మోఁకాలిని దాఁకఁబోయెను. వెంటనే మఱియొకటి. నేను రాజధానినుండి వచ్చిన భిక్షువును, కొట్టకుఁడని కేక వైచెను. బురుజునాయకుఁడు వాంగ్ షియాంగు తున్‌హువాంగువాఁడు, బౌద్ధుఁడు. మా యూరికిఁ బొండు, అచ్చట మంచి యాచార్యుఁ డున్నాఁడని యాశ చూపెను. భిక్షువు లొంగలేదు. నాయకుఁడే కొంతదూరము సాగనంపి, తిన్నగా నాల్గవ బురుజునకుఁ బొమ్మని దారి చూపెను. అచ్చటి నాయకుఁడు వాని బంధువు. పెద్ద నీటితిత్తియు గుఱ్ఱమునకు మేఁతయు నిచ్చి, ఐదవ బురుజువారు మోటువారు, అటు పోవలదు, నూఱు లీల దూరమున నొక యూట గలదని చెప్పెను.

ఆ యూట నాతఁడు కనుఁగొనలేదు. నూఱు లీలు దాఁటిన పిదప దారి తప్పెను. పైని బక్షి లేదు, క్రింద మృగము లేదు, చూచుకొన్నఁ దన నీడ యొక్కటియే. నీరు త్రాగఁబోయి తిత్తిని దింపుచుండఁగా, బరువగుటచేఁ జేయి జాఱి, నీరంతయు నిసుకపాలయ్యెను. వేయి లీలకు సరిపడు నాధారము క్షణములో నింకిపోయినది. అప్పుడాతఁడు చేసినదేమి? గుఱ్ఱమును దూర్పునకుఁ ద్రిప్పి, నాల్గవ బురుజువైపునకు మరలెను.

ఇదియే నే నీ వ్యాసము వ్రాయుటకుఁ గారణమైన స్థలము. భారతదేశము చేరనిదే తూర్పునకొక్క యడుగైనఁ ద్రిప్పనని మునుపాతఁడు ప్రతిజ్ఞ చేసియున్నాఁడు. ఆ ప్రతిజ్ఞను దప్పి పది లీలకుఁ బైగా నడచెను. మూఁడుమైళ్ళన్నమాట. నడచుచు నాలోచించెను: ఇది నా ప్రతిజ్ఞ కదా, తూర్పునకుఁ బోయి బ్రదుకుటకంటెఁ బడమటికిఁ బోయి చచ్చుట మేలు కదా, ఇట్లేల వచ్చితిని? అంతట మఱల గుఱ్ఱమును ద్రిప్పి, అవలోకితేశ్వరుని స్మరించుచు వాయవ్యదిక్కుగా సాగెను.

స్తోత్రపరులైన శిష్యులు గురువు వెనుదిరిగిన పది లీలను గల్పించి చెప్పుదురా? కల్పింపరని నా యభిప్రాయము. దాఁచుట సులభము, ఎడారిలో సాక్షి లేఁడు. గురువు తన నోటఁ జెప్పి యుండనిచో శిష్యుల కది తెలియు మార్గము లేదు. పతనమును జూపి తరువాతి లేచుటకు శోభ కూర్చుట కథకుల యలవాటు గదా యని పూర్వపక్షము చేయవచ్చును. అట్లైన వెనుదిరుగుట కొక పిశాచమో మారుఁడో ప్రేరేపించినట్లు చెప్పియుండెడివారు. ఈ గ్రంథమునఁ బిశాచములకుఁ గొఱఁత లేదు. కాని యిచ్చట నేమియు లేదు. ఒలికిన నీరు, తప్పిన దారి, భయపడిన మనుష్యుఁడు. ముందుగాఁ దన్నుఁదాఁ బరీక్షించుకొని యోర్వఁగలనని నిశ్చయించుకొన్నవాఁడే యీ భయమునకు లోనయ్యెను. ఇంటఁ జేసిన పరీక్ష యెడారికిఁ జాలలేదని స్పష్టము. అధ్వనీనత్వ మాతనికి సిద్ధించినచోటు చాంగాన్ కాదు, ఆ పది లీల చివర గుఱ్ఱము మఱలఁ ద్రిరిగినచోటని చెప్పుటకు నేను వెనుదీయను.

తరువాతి కథ యందఱెఱిఁగినదే గనుక సంగ్రహించెదను. నాలుగు రాత్రులు నైదు పగళ్ళు నొక్కచుక్క నీరు లేదు. రాత్రులు నక్షత్రములవలె భూతాగ్నులు, పగలు వర్షమువలె నిసుక. నడువలేక పడిపోయి జపము చేయుచుండెను; అవలోకితేశ్వరస్మరణయుఁ, బ్రజ్ఞాపారమితాహృదయమును నాతని కాధారములు. ఐదవ రాత్రి సగమున నొక చల్లనిగాలి వీచి చన్నీళ్ళాడినట్లయ్యెను. గుఱ్ఱమును లేచెను. కొంత నిద్రించి, కలలో నొక మహాకాయుఁడు గద్దింపఁగా లేచి, పది లీలు పోవునప్పటికి గుఱ్ఱము హఠాత్తుగా వేఱుదారిఁ బట్టెను. కళ్ళెము లాగినను మరలలేదు. కొన్ని లీలకుఁ బచ్చగడ్డి, దాని ప్రక్కను దియ్యని నీటిమడుఁగు. చరిత్రకారుఁడు దీనిని బోధిసత్త్వుని కరుణ యనెను. ఆ కరుణను నేను నిరాకరింపను గాని, ఆ త్రోవను బదియేనుమాఱులు నడచిన ముసలిగుఱ్ఱమునకుఁ గొంత భాగము పంచవలసినదే. చల్లగాలి వచ్చిన దిక్కున నీరుండునని దానికిఁ దెలియును. ముసలివాఁడు గుఱ్ఱము మార్చుకొనుమన్నప్పుడు భిక్షువు విన్నాఁడు. ఒంటిప్రయాణికుఁడు పరుల మాట నెచ్చట విననక్కఱలేదో యెఱిఁగినట్లే, యెచ్చట వినవలయునో యెఱిఁగినవాఁడు.

మఱి రెండు దినములకు ఈవూ చేరెను. అచ్చటి విహారమున ముగ్గురు చీనాభిక్షువు లుండిరి. అందు వృద్ధుఁ డొకఁడు వస్త్రమైనను సరిగాఁ గట్టుకొనక, కాళ్ళకుఁ జెప్పులైనఁ దొడుగక, పరుగున వచ్చి కౌఁగిలించుకొని, స్వదేశీయుని జూతునని యనుకొనలేదని యేడ్చెను.

ఏడ్పనఁగా ఫాహియాను జ్ఞప్తికి వచ్చుచున్నాఁడు. 399లో నాతఁడు పలువురు భిక్షువులతో బయలుదేఱెను. కొందఱు మరలిరి, ఒకఁడు మంచుకొండలలో నాతని కన్నుల యెదుట మరణించెను, కడపటివాఁడు పాటలిపుత్రమున నిలిచిపోయెను. సింహళమున ననురాధపురమునందు బుద్ధవిగ్రహమునొద్ద నొక వర్తకుఁడు సమర్పించిన చీనాదేశపుఁ దెల్లపట్టు విసనకఱ్ఱను జూచి కన్నీరు పెట్టుకొనెను. ఇత్సింగు 671లో నోడయెక్కి వచ్చినవాఁడు. తామ్రలిప్తినుండి మగధకుఁ బోవుచు జబ్బుపడి తోడివారికి వెనుకఁబడఁగా, దొంగలు కట్టుబట్టలు దోఁచుకొనిరి. తెల్లనివారిని బలియిత్తురని విన్నవాఁడు గావున బురద పూసికొని యాకులు చుట్టుకొని రాత్రికి గుంపును జేరెను. ఇరువురిదియు గొప్ప ధైర్యమే. కాని వారికి నేకాకిత్వము సంభవించినది. యువాన్ చ్వాంగు దాని కెదురేఁగెను.

నా సంగతి యొకటి చెప్పిన చదువరులు మన్నింతురుగాక. పదునెనిమిదవయేఁట వ్యాకరణము చదువుటకై కాశికి నొంటిగాఁ బోయితిని. ఇటార్సీలో బండి మారవలసి వచ్చినది. హిందీ రాదు. సిద్ధాంతకౌముదిగల పెట్టెమీఁదఁ గూర్చుండి యుండఁగా నెదుటి పట్టాలపై విజయవాడకుఁ బోవు బండి వచ్చి నిలిచినది. అందుఁ దెలుఁగుమాటలు వినఁబడినవి. పెట్టె నెత్తుకొని దాని మెట్టుపై నొక కాలు పెట్టితిని. ఎంతసేపు పెట్టితినో చెప్పఁజాలను. బండి కూఁత వేయఁగాఁ గాలు తీసివైచితిని. కాశిలో గురువుగారితోఁ గూడ నీ మాట చెప్పలేదు. పది లీల కథ నమ్మఁదగినదని నేను దీర్చుటకు నిదియు నొక హేతువైన, ప్రమాణశాస్త్రజ్ఞులు దోషముగా నెంచకుందురుగాక.

ఈవూ తరువాత యువాన్ చ్వాంగు మఱల నేకాకి కాఁడు. మన బాలుర పుస్తకములలో వీపున గ్రంథములబుట్ట మోయుచు నొంటరిగా నడచు భిక్షువు చిత్రము కనఁబడును. ఆ చిత్రము పదునాఱేండ్లకుఁ బైఁబడిన యాత్రలోఁ గొలఁదిదినములకు మాత్రమే వర్తించును. ఆ దినములలో నాతనివీపునఁ బుస్తకములే లేవు. గావ్‌చాంగు రాజు చ్యూ వెన్‌తాయి దూతలను బంపి పిలిపించెను. వారు తొందరపెట్టి మంచి గుఱ్ఱములను మార్చిమార్చి నడిరాత్రికి నగరము చేర్చిరి. ఎఱ్ఱని ముసలిగుఱ్ఱమును వెనుక మెల్లగా వచ్చునట్లు విడిచిరి. ఆ రాజు భక్తి యెడారికంటెఁ గష్టమైనదయ్యెను. నా రాజ్యమున గురువుగా నుండుము, పోనీయననెను. భిక్షువు మూఁడుదినములు నీరైన ముట్టక కూర్చుండఁగా, నాల్గవదినమున నూపిరి క్షీణించుట చూచి రాజు సిగ్గుపడి యొడఁబడెను. మరలివచ్చునపుడు మూఁడేండ్లిచ్చట నుండవలయునని మాట పుచ్చుకొని, నూఱు తులాల యెత్తు బంగారు, 30 వేల వెండినాణెములు, పట్టుబట్టలు, 30 గుఱ్ఱములు, 25 మంది పనివారు, దారిలోని రాజ్యములకు 24 లేఖలు నిచ్చి సాగనంపెను. తులా మనునది చీనాతూనికకు నేను బెట్టిన పేరు; సరిసమానము కాదు. నీరొలికిన యెడారిలో గెలిచినవాఁడే యీ పట్టుమంచముపైఁ గూర్చుండి రెండవమాఱు గెలువవలసి వచ్చెను.

సుమారు 639 ప్రాంతమున నాతఁడు కోసలమునుండి యాంధ్రదేశమునకు వచ్చెను. రాజధానిని వేంగి యని పండితులు గుర్తించిరి. ఇచ్చటి భాష మధ్యదేశభాషకంటె వేఱనియు, లిపిపద్ధతి మాత్రము చాలవఱ కొక్కటియే యనియు వ్రాసినాఁడు. తెలుఁగుభాషనుగూర్చి విదేశీయుఁడు వ్రాసిన తొలిమాటలలో నిది యొకటి. అచ్చటినుండి ధాన్యకటకమునకుఁ బోయి, పూర్వశైల, యపరశైల విహారములు పాడుపడి యుండుట చూచెను. ఆ పాడుపడిన చోటనే యాతనికి సుభూతి, సూర్యుఁడు అను నిరువురు భిక్షువులు దొరకిరి. వారు మహాసాంఘికుల యభిధర్మమున నిపుణులు. కొన్ని మాసములు నిలిచి వారికడ నాతఁడు చదివెను. ఆతనికడ వారు మహాయానశాస్త్రములు చదివిరి. పిమ్మట మువ్వురును గూడి పుణ్యక్షేత్రములను జూడఁ బయనమైరి. ఒంటిగా దారి నడువరాదను విదురుని మాటకు ధాన్యకటకమున నిట్లు సమన్వయము కుదిరినది. అమరావతిదిబ్బలను ద్రవ్వి లెక్క వ్రాసినవారు శిల్పముల సంఖ్యను జెప్పిరిగాని యీ స్నేహమును జెప్పినవారు తక్కువ.

మరలునపుడు సముద్రమార్గమున సులువుగాఁ బోఁగలవాఁడే గాని, గావ్‌చాంగు రాజునకిచ్చిన మాటకై కష్టమైన భూమార్గమునే పట్టెను. ఆ రాజు 640లోనే మరణించెను. రాజ్యము చీనాలోఁ గలిసిపోయెను. ఖోటానునుండి యాతఁడు చక్రవర్తికి లేఖ వ్రాసి, శాసనమును దాఁటి రహస్యముగాఁ బోయితినని యొప్పుకొనెను. చక్రవర్తి ప్రీతితో రమ్మనెను. 645లో లోయాంగునఁ గనుఁగొన్నపుడు, పోవునపుడు చెప్పలేదేమి యని యడిగెను. పలుమాఱులు విన్నవించుకొంటిని, నా కోరిక యల్పమగుటచే ననుజ్ఞ రాలేదు, ఆఁగలేక పోయితినని భిక్షువు చెప్పెను. పది లీల మాట చక్రవర్తికిఁ జెప్పినట్లు లేదు.

ఆతఁడు తెచ్చిన 657 గ్రంథములు 520 కట్టలుగా నిరువది గుఱ్ఱములపై వచ్చినవి. అందుఁ బదుమూఁడు గ్రంథములు శబ్దవిద్యకుఁ జెందినవి. శలాతురమునఁ బాణిని జన్మస్థలమును జూచి, యచ్చటఁ బాణిని ప్రతిమ యున్నదని వ్రాసినవాఁడు నాతఁడే. జీవితచరిత్రమున సంస్కృతవ్యాకరణమును జీనావారికిఁ దెలుపు నొక ప్రకరణము గలదు. క్రియాపదముల కచ్చట నిచ్చిన యుదాహరణము భూధాతువు, భవతి, భవతః, భవంతి; నామమునకుఁ బురుషశబ్దము, ఏకవచనము మొదలుకొని.